జాలీ పనికి స్క్రోల్ సా, బ్లేడ్లు: రంధ్రం కొలిచాకే మెషీన్ బేరం

“జాలీ పనికి ఏ స్క్రోల్ సా కొనమంటారు?” అని అడిగేవాళ్ళకి నాది ఒకటే ఎదురు ప్రశ్న. మీరు కోయబోయే డిజైన్‌లో అన్నిటికన్నా చిన్న రంధ్రం ఎంత? వాట్లు చూసి ఉంటారు, అంగుళాలు చూసి ఉంటారు, పండగ డిస్కౌంటు ఎప్పుడో కూడా చూసి ఉంటారు. రంధ్రం మాత్రం కొలిచి ఉండరు.

జాలీ అంటే పలకలో రంధ్రాలు కోసి తీసే అల్లిక డిజైన్. దాన్ని కోసే స్క్రోల్ సా అంటే సన్న బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం. జాలీ పనిలో రంధ్రాన్ని బట్టి బ్లేడు, బ్లేడును బట్టి దాన్ని పట్టే క్లాంపు, క్లాంపును బట్టి మెషీన్. ఇక్కడ ఆ వరసలోనే చెబుతున్నాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు పూజామందిరం తలుపులు, ప్రభావళులు, నేమ్‌బోర్డులు, చిన్న వీణ బొమ్మలు చేసేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను కాబట్టి ఇక్కడ దొరికే చెక్క, సముద్రం గాలి తేమ కూడా లెక్కలోకి వస్తాయి.

1. డిజైన్‌ను అసలు సైజులో కొలవండి

ఫోన్‌లో బొమ్మ చూసి నిర్ణయించకండి. కోసే సైజులోనే ప్రింటు తీయించి, స్కేలు పెట్టి ఇవి రాసుకోండి:

- చెక్క మందం
- అతి చిన్న రంధ్రం వెడల్పు
- రెండు రంధ్రాల మధ్య మిగిలే అతి సన్నని తీగ
- లోపలి రంధ్రాలు మొత్తం ఎన్ని
- పలక పొడవు, వెడల్పు

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. పూజామందిరం తలుపు జాలీ: 6 మి.మీ. ప్లైవుడ్, 600 × 300 మి.మీ. పలక. మధ్యలో శంఖుచక్రాలు, చుట్టూ లత. లోపలి రంధ్రాలు 80, అందులో చిన్నది 3 మి.మీ. కింద అవసరమైన చోటల్లా ఈ తలుపుతోనే లెక్క వేస్తాను.

తీగ గురించి ఒక మాట. 6 మి.మీ. ప్లైలో 2 మి.మీ. కన్నా సన్నని తీగ వస్తుంటే డిజైన్‌నే కొంచెం లావు చేయండి. కోసేటప్పుడు ఎలాగో నిలబడుతుంది. తర్వాత తలుపు దుమ్ము దులిపేవాళ్ళ గుడ్డకి తగులుకుని విరుగుతుంది.

2. పిన్ ఉన్న బ్లేడా, పిన్ లేనిదా

స్క్రోల్ సా బ్లేడు పొడవు ఐదంగుళాలు, అంటే 127 నుంచి 130 మి.మీ. ఇందులో రెండు రకాలు. ఒకదానికి రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్ ఉంటుంది, మెషీన్ కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది. రెండోదానికి చివర్లు చదునుగా ఉంటాయి, క్లాంపులో పెట్టి స్క్రూ బిగించాలి.

పిన్ దూరాలంటే రంధ్రం సుమారు 5 మి.మీ. ఉండాలి. మన తలుపులో చిన్న రంధ్రం 3 మి.మీ., కాబట్టి పిన్ బ్లేడు అందులో దూరనే దూరదు. పైగా పిన్ బ్లేడ్లలో సన్న నంబర్లు దొరకవు. పెద్ద అక్షరాలు, పిల్లల బొమ్మల్లాంటి బయటి కోతలకి అవి బాగానే పనికొస్తాయి. జాలీకి మాత్రం పిన్ లేనిదే.

మెషీన్ ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. పిన్ బ్లేడు మాత్రమే పట్టే మెషీన్ ఎంత చవగ్గా వచ్చినా పక్కన పెట్టండి. “రెండూ పడతాయి” అని పెట్టె మీద రాసి ఉంటే, పిన్ లేని బ్లేడుకి విడి అడాప్టరు పెట్టాలా, క్లాంపు మెషీన్‌లోనే ఉందా అని చూడండి. అడాప్టరు ఉన్నవాటిలో చాలావాటికి బ్లేడు బిగించే ప్రతిసారీ అలెన్ కీ పట్టుకోవాలి. అది ఎంత విసుగో 5వ భాగంలో లెక్క వేసి చూపిస్తాను.

3. బ్లేడు నంబరు

నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావు, పళ్ళు పెద్దవి. సున్నా కన్నా సన్నవాటిని 2/0, 3/0 అని రాస్తారు. పెగాస్, ఓల్సన్ లాంటి కంపెనీల మధ్య కొలతలో కొద్ది తేడా ఉంటుంది గానీ, ఎంచుకోవడానికి ఈ లెక్క చాలు (ఇక్కడ రంధ్రం అంటే డిజైన్‌లోది కాదు, బ్లేడు దూర్చడానికి ముందు డ్రిల్‌తో పెట్టేది):

- 2/0: వెడల్పు అర మి.మీ.కి కాస్త ఎక్కువ. వెనీరుకి (పలచని చెక్క పొర), 1.5 నుంచి 3 మి.మీ. పలకలకి. రంధ్రం 0.8 మి.మీ.
- 1: 3 నుంచి 6 మి.మీ. చెక్కకి. రంధ్రం 1 మి.మీ.
- 3: 6 నుంచి 12 మి.మీ. చెక్కకి. రంధ్రం 1.2 మి.మీ.
- 5: వెడల్పు సుమారు 1 మి.మీ. 12 నుంచి 20 మి.మీ. చెక్కకి. రంధ్రం 1.5 మి.మీ.
- 7, 9, 12: అంతకన్నా మందం చెక్కకి. సన్న జాలీలో వీటితో పని పడదు.

మందం చెక్కలో సన్న బ్లేడు పెడితే వంగి, మలుపు దగ్గర పైన ఒక గీత, కింద ఇంకో గీత కోస్తుంది. పలచ చెక్కలో లావు బ్లేడు పెడితే ఇబ్బంది వేరు. 5 నంబరు స్కిప్ (ఒక పన్ను విడిచి ఒక పన్ను ఉన్న) బ్లేడుకి అంగుళానికి దాదాపు 12 పళ్ళు, అంటే రెండు మి.మీ.కి ఒక పన్ను. 3 మి.మీ. ప్లైలో ఏ క్షణాన చూసినా ఒకటిన్నర పన్నే చెక్కలో ఉంటుంది. పలక టకటకా ఎగురుతుంది, అంచులు పెచ్చులు లేస్తాయి. కనీసం రెండు మూడు పళ్ళు ఎప్పుడూ చెక్కలో ఉండేలా నంబరు చూసుకోండి.

మన తలుపుకి 3 నంబరు. శంఖం లోపలి చిన్న మలుపుల దగ్గర 1. కొత్తవాళ్ళు మొదటి ఆర్డరులో 3, 5 నంబర్లు డజను చొప్పున తెప్పించుకోండి. 2/0 తర్వాత చూసుకోవచ్చు. చెయ్యి తిరగకముందు అది పట్టుకుంటే కోసిన దానికన్నా విరిగినవే ఎక్కువ కనిపిస్తాయి.

బ్లేడ్లు అయిపోయి కొరియర్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒక దారి ఉంది. కంసాలి పనిముట్లు అమ్మే కొట్టుకి వెళ్ళండి. నగల పనికి వాడే సన్న రంపపు బ్లేడ్లు కూడా పిన్ లేనివే, పొడవు 130 మి.మీ., నంబర్లు కూడా ఇదే వరస. స్క్రోల్ సాలో చక్కగా కూర్చుంటాయి. అయితే వాటి పళ్ళు లోహం కోసం చేసినవి, చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. చెక్కలో పొట్టు బయటికి పోక త్వరగా వేడెక్కుతాయి. ఇత్తడి రేకు కోయడానికైతే అవే సరైనవి. రేకుని రెండు పలచ ప్లై ముక్కల మధ్య పెట్టి, గీత మీద కొవ్వొత్తి రుద్ది, తక్కువ వేగంతో కోయండి.

4. పళ్ళ తీరు

నంబరు ఒక్కటీ చెప్పి బ్లేడు కొనకూడదు. పళ్ళ తీరు కూడా చెప్పాలి.

స్కిప్: ఒక పన్ను విడిచి ఒక పన్ను. మధ్య ఖాళీలోంచి పొట్టు పోతుంది, తక్కువ వేడెక్కుతుంది. నేర్చుకోవడానికి ఇదే.

రివర్స్ స్కిప్: కింది చివర కొన్ని పళ్ళు పైకి తిరిగి ఉంటాయి. పలక అడుగున లేచే పెచ్చుల్ని ఇవి శుభ్రం చేస్తాయి. ప్లైవుడ్ జాలీకి నా ఓటు దీనికే. 80 రంధ్రాల అడుగు అంచుల్ని చిన్న ఆకురాయితో గీరుతూ కూర్చునే పని తప్పుతుంది. బిగించేటప్పుడు మెషీన్ పై చెయ్యిని, అంటే బ్లేడు పై చివరని పట్టుకునే భాగాన్ని, చేత్తో పూర్తిగా పైకి లేపి చూడండి. తిరగబడ్డ పళ్ళు రెండు మూడు మాత్రమే టేబుల్ (మెషీన్ మీద పలక ఆనే చదును భాగం) పైకి కనిపించాలి. ఒక్కటీ కనిపించకపోతే వాటికి పెట్టిన డబ్బు దండగ. ఐదారు కనిపిస్తే స్ట్రోకు (బ్లేడు ఒకసారి కిందికి దిగి పైకి రావడం) పైకి వచ్చిన ప్రతిసారీ పలకని ఎత్తి కొడతాయి. బ్లేడు కింది చివర నుంచి కాస్త కత్తిరించి దించుకోవచ్చు.

క్రౌన్: రెండు దిక్కులా కోస్తుంది, ఏ చివర పైకి పెట్టినా ఒకటే. ఒక భాగం మొద్దుబారాక తలకిందులు చేసి మళ్ళీ వాడుకోవచ్చు. కోత నెమ్మది.

స్పైరల్: మెలితిప్పిన బ్లేడు, అన్ని వైపులా పళ్ళు. పలకని తిప్పకుండానే ఎటు కావాలంటే అటు నెట్టొచ్చు అని చాలామంది మోజు పడతారు. కోత గాడి వెడల్పు, అంచు గరుకు, మూల పదునుగా రాదు, తిన్నటి గీత పాములా వంకరలు పోతుంది. పలక మరీ పెద్దదై మెషీన్‌లో తిరగనప్పుడే దీన్ని బయటికి తీయండి.

ప్రెసిషన్ గ్రౌండ్: పళ్ళు అచ్చు గుద్దకుండా సానబట్టి చేసినవి. ఖరీదు ఎక్కువ, పదును ఎక్కువ, పక్కకి లాగడం తక్కువ. చెయ్యి ఇంకా తొందరపడే దశలో ఇవి గీత దాటి దూసుకుపోతాయి.

5. ఇప్పుడు మెషీన్

ముందుగా, కొట్టులో స్క్రోల్ సా అంటే చాలాచోట్ల జిగ్‌సా తీసి బల్ల మీద పెడతారు. “రెండూ ఒకటేనండీ, ఇదే బాగా పోతోంది” అంటారు కూడా. ఒకటి కాదు. జిగ్‌సాని చేత్తో పట్టుకుని నడపాలి, దాని బ్లేడు ఒక్క చివరే బిగిస్తారు. స్క్రోల్ సాలో మెషీన్ కదలదు, చెక్క కదులుతుంది, బ్లేడు పైనా కిందా బిగువుగా ఉంటుంది. మన ఊళ్ళలో దొరక్కపోతే విశాఖపట్నంలో చూడండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించండి. వీలైతే ఒకసారి చేత్తో ముట్టుకుని చూశాకే డబ్బు కట్టండి.

*బ్లేడు విప్పి దూర్చే సౌకర్యం.* అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ప్రతి లోపలి రంధ్రానికీ బ్లేడు పై చివర విప్పాలి, రంధ్రంలో దూర్చాలి, మళ్ళీ బిగించాలి, బిగువు పెట్టాలి. మన తలుపులో 80 సార్లు. అలెన్ కీతో ఒక్కోదానికి రెండు నిమిషాలు పడితే 160 నిమిషాలు, అంటే రెండు గంటల నలభై నిమిషాలు ఒక్క గీతా కోయకుండానే పోతాయి. చేత్తో తిప్పే స్క్రూ, మీట ఉన్న క్లాంపుతో అర నిమిషం పడితే మొత్తం 40 నిమిషాలే. తలుపు రెండు రెక్కలైతే ఆ తేడా రెట్టింపు. దీని ముందు 90 వాట్లా, 120 వాట్లా అన్నది లెక్కలోకి రాదు. సన్న జాలీకి ఆ రెండూ చాలు.

పై చెయ్యి పైకి లేచి నిలబడే మెషీనైతే బ్లేడుని పైనుంచి కిందికి రంధ్రంలో దించొచ్చు. లేవనిదైతే పలకనే ఎత్తి, కిందనుంచి బ్లేడు దూర్చాలి. రెండూ అలవాటవుతాయి. పెద్ద పలకలు చేసేవాళ్ళకి చెయ్యి లేచేదే సుఖం.

*వేగం మార్చుకునే వీలు.* నిమిషానికి సుమారు 400 నుంచి 1600 స్ట్రోకుల దాకా తిప్పుకోగలగాలి. ఒకే వేగం ఉన్న మెషీన్ మీద అక్రిలిక్ కోస్తే కోసిన చోటే కరిగి మళ్ళీ అతుక్కుంటుంది.

*లోతు.* బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా ఉన్న దూరాన్ని కంపెనీలు త్రోట్ అంటాయి. 16 అంగుళాల మెషీన్ అంటే ఈ దూరం 406 మి.మీ. మన పలక మూల నుంచి మూలకి 671 మి.మీ., అందులో సగం 335. అంటే సరిగ్గా మధ్యలో కోస్తున్నప్పుడు పలక చుట్టూ తిరుగుతుంది. పలక చివర్లో, అంచుకి 50 మి.మీ. దూరంలో రంధ్రం ఉంటే అవతలి చివర 550 మి.మీ. దూరంలో ఉంటుంది. అది స్తంభానికి తగిలి ఆగిపోతుంది. అప్పుడు ఆ రంధ్రాన్ని సగం ఒకవైపు నుంచి, సగం రెండోవైపు నుంచి కోయాలి. అదీ కుదరకపోతే స్పైరల్ బ్లేడు. ఈ ఒక్క ఇబ్బంది కోసం 20 అంగుళాల మెషీన్‌కి వెళ్ళక్కర్లేదు. ఎప్పుడూ రెండడుగులు దాటిన పలకలే చేసేవాళ్ళైతే వెళ్ళండి.

*కరెంటు.* అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్ళు జాగ్రత్త. అక్కడ బాగా పేరున్న డీవాల్ట్ డీడబ్ల్యూ788 లాంటివి 120 వోల్టులవి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని దించుతుంది గానీ వాళ్ళ 60 హెర్ట్జ్‌ని మార్చలేదు. ఇండక్షన్ మోటారు ఉన్న మెషీనైతే వేగం తగ్గి వేడెక్కుతుంది. సామాను బరువు, ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు కలుపుకుంటే ఇక్కడ కొన్నదే నయం.

మెషీన్ చూడడానికి వెళ్ళేటప్పుడు జేబులో 3 నంబరు పిన్ లేని బ్లేడొకటి, 1.2 మి.మీ. రంధ్రం పెట్టిన ప్లై ముక్కొకటి పెట్టుకెళ్ళండి. అక్కడ చేయాల్సినవి:

- ఆ రంధ్రంలో బ్లేడు దూర్చి బిగించండి. అర నిమిషంలో అయిందా?
- పై చెయ్యిని పట్టుకుని పక్కలకి ఊపండి. లొడలొడలాడితే వద్దు.
- టేబుల్ మీద రూపాయి బిళ్ళని నిలువుగా నిలబెట్టి, వేగం కొద్దికొద్దిగా పెంచండి. బిళ్ళ వెంటనే పడిపోతే మెషీన్ అదురు ఎక్కువని అర్థం. బల్లకి బోల్టులు బిగించి ఉన్నదా అని కూడా చూసుకుని తీర్పు చెప్పండి.
- బ్లేడుని పక్కనుంచి చూస్తూ చేత్తో ఒక స్ట్రోకు తిప్పండి. బ్లేడు ముందుకీ వెనక్కీ ఎక్కువగా ఊగకూడదు.
- క్లాంపు స్క్రూలు విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందు అరిగేవి అవే.

సెకండ్ హ్యాండ్‌లో అయితే వీటితోపాటు అన్ని వేగాల్లోనూ నడిపి బేరింగుల చప్పుడు వినండి.

6. బిగింపు, మట్టం, బిగువు

మెషీన్‌ని బరువైన బల్లకి బోల్టులతో బిగించి, కింద రబ్బరు షీటు వేయండి. కూర్చున్నప్పుడు మోచేతులు టేబుల్ ఎత్తుకి రావాలి. గంటలకొద్దీ చేసే పని, మెడ వంచి చేస్తే సాయంత్రానికి తెలుస్తుంది. కాలితో నొక్కే స్విచ్ పెట్టుకుంటే రెండు చేతులూ పలక మీదే ఉంటాయి.

బ్లేడు పళ్ళు మీ వైపు, కిందికి చూస్తూ ఉండాలి. కంటికి ఆనకపోతే ప్లగ్గు తీసేసి, పళ్ళ మీద వేలిని మెల్లగా పైకి జరపండి. వేలికి గీరుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

బిగువు సరిపోయిందో లేదో మీటితే తెలుస్తుంది. ఖణీమని సన్నగా మోగాలి. వీణలు చేసే బొబ్బిలి వైపు వాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. బద్దగా మోగితే వదులు. వేలితో పక్కకి నెడితే 3 మి.మీ. కన్నా ఎక్కువ జరగకూడదు.

టేబుల్ బ్లేడుకి నిట్టనిలువుగా ఉందో లేదో మెషీన్ మీది డిగ్రీల గీతలు చూసి నమ్మకండి. చిన్న మూలమట్టం పెట్టి చూడండి, ఆ తర్వాత కోసి చూడండి. అంగుళం మందం ముక్కలో కొద్ది దూరం కోసి, మెషీన్ ఆపి, అదే ముక్కని బ్లేడు వెనక్కి తీసుకెళ్ళి ఆ గాడిని బ్లేడు వీపుకి ఆనించండి. బ్లేడు గాడిలోకి తేలిగ్గా జారితే మట్టం సరిగ్గా ఉంది. పైనో కిందో తట్టుకుంటే టేబుల్ సరిచేయాలి.

టేబుల్ మధ్యలో బ్లేడు కోసం పెద్ద సందు ఉంటుంది, సన్న తీగలు అందులోకి దిగి విరుగుతాయి. పాత ఏటీఎం కార్డుకి సన్న రంధ్రం పెట్టి, బ్లేడు దూర్చి, టేపుతో టేబుల్‌కి అంటించండి.

7. చెక్క

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 303 మామూలు రకం, ఐఎస్ 710 మెరైన్ రకం అని ముద్ర చూస్తారు. జాలీకి ముద్ర ఒక్కటే చాలదు. పలక అంచుని నాలుగు వైపులా చూడండి. లోపలి పొరల్లో ఖాళీలు ఉంటే, సరిగ్గా అక్కడే తీగ వచ్చి విరుగుతుంది. పొరలు ఎక్కువ, ఖాళీలు తక్కువ ఉన్న బర్చ్ ప్లై దొరికితే అదే తీసుకోండి.

అసలు చెక్కలో, ఇక్కడివాళ్ళకి పనస అందుబాటులో ఉన్నది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది ఈ చెక్కతోనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకి కూలిన పనస చెట్లని పలకలు కోయించి అటక మీద దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ చెక్క ఈపాటికి బాగా ఆరి ఉంటుంది, వదలకండి. ఆరని పనసలో తడి పొట్టు పళ్ళ సందుల్లో పూడుకుపోయి బ్లేడు నల్లగా మాడుతుంది. టేకులో సిలికా ఉంటుంది, బ్లేడు పదును త్వరగా తినేస్తుంది. ఎండీఎఫ్ సాఫీగా తెగుతుంది గానీ దాని దుమ్ము మహా చెడ్డది. ఏ చెక్కయినా ఎన్‌95 మాస్కు పెట్టుకోండి. ఎండీఎఫ్‌కి అది లేకుండా స్విచ్ వేయకండి.

తెచ్చిన పలకని పని చేసే గదిలోనే వారం రోజులు అన్ని వైపులా గాలి తగిలేలా నిలబెట్టండి. వానాకాలం పనుల్లో, దసరా, పైడితల్లి పండగ ఆర్డర్లలో మరీ ముఖ్యం. ఉబ్బి వంగిన పలక టేబుల్‌కి ఆనదు, ఆనని చోట తీగ విరుగుతుంది.

8. డిజైన్ అంటించడం, రంధ్రాలు పెట్టడం

పలక పై ముఖాన్ని గరుకు కాగితంతో నున్న చేయండి. దాని మీద మాస్కింగ్ టేపు పరవండి, టేపు మీద జిగురుతో డిజైన్ కాగితం అంటించండి. ఆ పైన పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వేస్తే గట్టి చెక్కలో మాడడం తగ్గుతుంది. పని అయ్యాక మాస్కింగ్ టేపు లాగితే అంతా ఒకేసారి వచ్చేస్తుంది. కాగితాన్ని నేరుగా చెక్కకే అంటిస్తే 80 రంధ్రాల చుట్టూ గీకుతూ కూర్చోవాలి.

సన్న రంధ్రాల దగ్గర మొదటి అడ్డంకి డ్రిల్ చక్, అంటే బిట్‌ని పట్టుకునే మూతి. మామూలు 13 మి.మీ. చక్‌లు చాలావరకు 1.5 మి.మీ. కన్నా సన్న బిట్‌ని పట్టవు. ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్టులో పీసీబీ డ్రిల్లో, చేత్తో తిప్పే పిన్ వైసో తీసుకోండి. 1 మి.మీ. బిట్లు నాలుగైదు ఒకేసారి కొనండి, విరుగుతాయి.

రంధ్రాన్ని పారేసే భాగంలో, గీతకి దగ్గర్లో, పదునైన మూల వైపు పెట్టండి. కింద తుక్కు చెక్క పెట్టి డ్రిల్ చేయండి. అన్నీ అయ్యాక పలక తిప్పి, అడుగున లేచిన పెచ్చుల్ని గరుకు కాగితంతో తీసేయండి. ఈ చిన్న పని చాలామంది వదిలేస్తారు. ఆ పెచ్చు మీద పలక వెంట్రుకవాసి లేచి ఉన్నా కోత ఏటవాలు అవుతుంది.

9. కోసే వరస

1. లోపలి రంధ్రాలన్నీ ముందు. బయటి అంచు చివర్లో.
2. లోపలివాటిలో కూడా మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు రండి.
3. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. పెద్ద ఖాళీలు ముందే తీసేస్తే పలక బలం పోయి అదురుతుంది.
4. మరీ సన్న తీగల పక్కన తీసిన ముక్కల్ని తిరిగి అక్కడే పెట్టి, టేపు వేసి తర్వాతి రంధ్రానికి వెళ్ళండి.

చెక్కని నేరుగా నెడితే కోత గీత మీద ఉండదు. అచ్చు గుద్ది చేసిన బ్లేడ్లకి ఒక పక్క సన్నని పొక్కు మిగిలి ఉంటుంది, అందువల్ల సాధారణంగా కుడివైపు లాగుతాయి. మెషీన్‌ని తిట్టుకోకండి. తుక్కు ముక్క మీద తిన్నటి గీత గీసి, పలకని ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పి నెడితే గీత మీద ఉంటుందో చూసుకోండి. నాలుగైదు డిగ్రీల దగ్గర తేలుతుంది. బ్లేడు మార్చినప్పుడల్లా ఇది ఒకసారి చూడాలి.

పదునైన మూలకి రెండు పద్ధతులు. మూల దాకా కోసి, అదే గాడిలో కొంత వెనక్కి వచ్చి, పక్కనున్న పారేసే భాగంలోంచి చుట్టు తిరిగి, రెండో గీత వెంట మూలకి రావడం తేలిక. రెండోది అక్కడికక్కడే తిప్పడం. మూల చేరగానే నెట్టడం ఆపండి, బ్లేడు వీపుని పారేసే భాగం వైపు తేలిగ్గా ఆనించి, పలకని ఒక్క ఊపులో తిప్పండి. బ్లేడు ఆడుతూనే ఉండాలి, పళ్ళు ఉంచాల్సిన చెక్కని తాకకూడదు. తుక్కు మీద చెయ్యి కుదిరాకే తలుపు మీదికి రండి.

వేళ్ళు బ్లేడుకి ఎదురుగా పెట్టకుండా రెండు పక్కలా ఉంచి, పలకని టేబుల్‌కి అదిమి పట్టండి. బ్లేడు మార్చేముందు స్విచ్ ఆపాలి. కాలి స్విచ్ ఉన్నవాళ్ళు పాదం పూర్తిగా పక్కకి తీయాలి.

10. తేడా వస్తే

అంచు మాడుతోంది. బ్లేడు మొద్దుబారింది, లేదా వేగం ఎక్కువ, లేదా పళ్ళు మరీ సన్నవి. ముందు బ్లేడు మార్చి చూడండి. గట్టి చెక్కలో సన్న బ్లేడు పావుగంట నుంచి ముప్పావుగంట దాకానే బాగా కోస్తుంది. ఇంకా తెగుతోంది కదా అని లాగిస్తే ఆదా అయ్యేది ఒక బ్లేడు, పాడయ్యేది పలక.

బ్లేడు మధ్యలో విరుగుతోంది. గట్టిగా నెడుతున్నారు, లేదా మలుపులో పలకని తిప్పకుండా పక్కకి తోస్తున్నారు.

క్లాంపు దగ్గరే విరుగుతోంది. పై క్లాంపు, కింది క్లాంపు ఒక వరసలో లేవు, బ్లేడు మెలిపడుతోంది. లేదా బిగువు మరీ ఎక్కువైంది.

క్లాంపులోంచి జారుతోంది. కొత్త బ్లేడు మీద నూనె పూత ఉంటుంది. రెండు చివర్లనీ గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి. క్లాంపు స్క్రూ కొనని కూడా అలాగే. పట్టకారుతో బిగించకండి, మర పోతుంది.

రంధ్రం పైన ఒక సైజు, కింద ఒక సైజు. మట్టం పోయింది, లేదా బ్లేడు వదులు. 6వ భాగంలోని గాడి పరీక్ష మళ్ళీ చేయండి.

పలక ఎగిరి కొడుతోంది. తిరగబడ్డ పళ్ళు ఎక్కువ పైకి ఉన్నాయి, లేదా పలక అడుగున పెచ్చు ఉంది, లేదా పలచ చెక్కకి పెద్ద పళ్ళ బ్లేడు వాడుతున్నారు. పలచ పలకల్ని రెండు మూడు కలిపి టేపు చుట్టి కోయండి. రెండు తలుపులకీ ఒకే జాలీ ఒకేసారి వస్తుంది.

11. బ్లేడు ఎక్కువ రోజులు రావాలంటే

స్ట్రోకు 19 మి.మీ. అయితే 6 మి.మీ. చెక్కలో బ్లేడు తాలూకు 25 మి.మీ. పళ్ళే పనిచేస్తాయి. మిగతావి కొత్తగానే ఉండిపోతాయి. కింది భాగం మొద్దుబారాక టేబుల్ మీద 12 మి.మీ. ప్లై ముక్క, మధ్యలో రంధ్రం పెట్టి, టేపుతో అంటించండి. పలక ఎత్తు పెరిగి పై పళ్ళు కోతలోకి వస్తాయి. రివర్స్ బ్లేడుకి ఈ చిట్కా పనిచేయదు, తిరగబడ్డ పళ్ళు అందవు.

భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట ఉన్నవాళ్ళకి బ్లేడు మొద్దుబారకముందే తుప్పు పడుతుంది. ప్యాకెట్టు విప్పగానే నంబరు వారీగా మూత గట్టిగా పట్టే సన్న సీసాల్లో వేసి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ సంచీ ఒక్కోటి పడేయండి. బ్లేడ్లని కుట్టుమిషన్ నూనె అంటిన గుడ్డతో ఒకసారి తుడిస్తే ఇంకా మంచిది. వాడేముందు మాత్రం చివర్ల నూనె తుడిచేయాలి. సీసా మీద నంబరుతోపాటు పళ్ళ తీరు కూడా రాయండి. 3 స్కిప్, 3 రివర్స్ సీసాలోంచి తీశాక కంటికి ఒకేలా కనిపిస్తాయి.